రివాల్వ్ ఎడిట్ మాక్రో ప్యాక్ కొనేముందు ఒక్క నిమిషం ఆగండి

పేరు రాయను. ఏపీడీఎల్ (ఆన్సిస్ సాఫ్ట్‌వేర్ కమాండ్ల భాష) మాక్రోలు, అంటే కమాండ్లు కూర్చిన చిన్న ఫైళ్లు, అమ్మే ఆయన ఎవరో మీలో చాలామందికి తెలుసు. "రివాల్వ్ చేసిన సాలిడ్‌ని ఒక్క కమాండ్‌తో మార్చుకోండి, మళ్లీ గీయక్కర్లేదు" అని డెమో బొమ్మతో సహా పెడతాడు చూడండి, ఆ ప్యాకే. రివాల్వ్ అంటే గీసిన సెక్షన్‌ని అక్షం చుట్టూ తిప్పి ఘనాకారం చేయడం. డబ్బు కట్టేశాను, ఇప్పుడు ఏడుస్తున్నాను. మీరైనా ఆగండి.

అడిగింది చిన్న పని. లోపలి వ్యాసార్థం 40, బయటి వ్యాసార్థం 60, ఎత్తు 25 మిల్లీమీటర్లున్న రింగు. జెడ్ అక్షం చుట్టూ వీరొటాట్‌తో 360 డిగ్రీలు, నాలుగు సెగ్మెంట్లు. బయటి వ్యాసార్థం 60 నుంచి 66 కావాలి, షాఫ్ట్ కూర్చునే 40 కదలకూడదు. మాక్రో పేరే "బయటి వ్యాసార్థం మార్పు". రన్ చేశాను, ఎర్రర్ లేదు, తెరమీద రింగు పెద్దదైంది. ఆహా అనుకున్నాను.

సాల్వ్ కొడితే పివట్ ఎర్రర్, అంటే మోడల్‌లో ఏదో భాగం పట్టు లేకుండా వదులుగా ఉందని. సపోర్టు 40 దగ్గర, లోడు 66 దగ్గర. మధ్యలో ఏముందీ? ఏమీ లేదు! వీలిస్ట్ (వాల్యూముల, అంటే ఘన ముక్కల జాబితా) చూస్తే నాలుగు వాల్యూములు ఉండాల్సిన చోట ఎనిమిది. పాత రింగు అలాగే కూర్చుని ఉంది, కొత్తది దాని మీదే పుట్టింది. సపోర్టు పాతదాన్ని పట్టుకుంది, లోడు కొత్తదాని మీద పడింది, రెంటికీ సంబంధం లేదు.

అప్పుడు తెరిచాను ఆ మ్యాక్ ఫైల్, అంటే మాక్రో ఉన్న ఫైలు. ముందే తెరవాల్సింది, ఆ బుద్ధి అప్పుడు లేదు. మొత్తం పదకొండు లైన్లు. అసలు పని చేసే లైను ఒక్కటే, వాల్యూముల్ని స్కేల్ చేసేది (ఆర్గ్1 అంటే మనం ఇచ్చే స్కేల్ విలువ):

వీఎల్‌స్కేల్,ఆల్,,,ఆర్గ్1,1,1

ఆ పైన సీసిస్,1 (జెడ్ అక్షంగా సిలిండ్రికల్ కోఆర్డినేట్ సిస్టమ్). దానికీ పైన, రెండో లైనులో, యూఐఎస్,ఎంఎస్‌జీపాప్,3. అంటే వార్నింగ్ బాక్సులు కళ్లబడకుండా నోరు నొక్కేశాడన్నమాట. అమ్మేవాడు వార్నింగులు మూసిపెట్టి అమ్ముతున్నాడంటే ఇంకేం చెప్పాలి.

ఆ ఒక్క లైనులో మూడు తప్పులున్నాయి. మొదటిది, చివర ఐమూవ్ (జరపాలా, కాపీ చేయాలా అని చెప్పే స్థానం) ఖాళీగా వదిలేశాడు. ఖాళీ అంటే సున్నా, సున్నా అంటే అసలుదాన్ని ఉంచి ఇంకో కాపీ చేయమని. జరపాలంటే 1 ఇవ్వాలి, అంటే లైను చివర 1,,,1 అని ముగియాలి. రెండోది, సిలిండ్రికల్ సిస్టమ్‌లో రెండో స్కేల్ విలువ స్కేల్ కాదు, కోణం జరుపు. "1 ఇస్తే మార్పు ఉండదులే" అనుకున్నట్టున్నాడు మహానుభావుడు. అది రింగుని ఒక డిగ్రీ తిప్పేస్తుంది. గుండ్రటిది కాబట్టి కంటికి తెలియదు, కానీ సెగ్మెంట్ల అతుకులు సున్నా డిగ్రీల నుంచి ఒక డిగ్రీకి పోతాయి. థీటా సున్నా దగ్గర ఏరియాలు సెలెక్ట్ చేస్తే పాత రింగువి మాత్రమే దొరుకుతాయి. అక్కడ 0 ఇవ్వాలి, లేదా ఖాళీగా వదలాలి.

మూడోది అన్నిటికంటే ఘోరం. ఐమూవ్ సరిచేసినా, కోణం సరిచేసినా, వీఎల్‌స్కేల్ అనేది మొత్తాన్ని స్కేల్ చేస్తుంది. 1.1 ఇస్తే 60 కాస్తా 66 అవుతుంది, దాంతోపాటు 40 కూడా 44 అవుతుంది. షాఫ్ట్ ఫిట్టు గోవిందా. బయటి వ్యాసార్థం ఒక్కటే మార్చడం ఆ కమాండ్‌తో కాని పని.

మరి డెమోలో సరిగ్గా ఎలా కనిపించింది? డెమోలో ఉన్నది రంధ్రం లేని నిండు చక్రం! లోపలి వ్యాసార్థం సున్నా. సున్నాని ఎంతతో గుణించినా సున్నానే. పాత చక్రం కొత్తదాని కడుపులో దాక్కుంటుంది, బయటినుంచి తీసిన బొమ్మలో కనపడదు. ఇది తెలియక చేసిన పనేనంటారా?

ఇదంతా వాల్యూము లెక్కలతో సహా రాసి పంపాను. వచ్చిన జవాబు ఉన్నదున్నట్టు: "ఎర్రర్ రాలేదు కదా సార్, రన్ అయింది కదా. మీకు ఏపీడీఎల్ బేసిక్స్ రావేమో, ముందు అవి చూసుకోండి."

ఎర్రర్ రాలేదు కదా! మెసేజ్ బాక్సుల నోరు నొక్కినవాడు అనే మాట అది. తప్పు చూపించినవాడికి బేసిక్స్ రావు, కోణాన్ని స్కేల్ అనుకున్నవాడు ప్యాకులు అమ్ముకుంటాడు.

నేను రాసి పంపిన లెక్క మీకూ పనికొస్తుంది. సెక్షన్ వైశాల్యాన్ని దాని సెంట్రాయిడ్ (మధ్యబిందువు) తిరిగే దూరంతో గుణిస్తే ఘనపరిమాణం. పాత రింగు: 500 × 2π × 50, అంటే 1,57,080. కావాల్సిన రింగు: 650 × 2π × 53, అంటే 2,16,456. వీసమ్,ఫైన్ (మొత్తం ఘనపరిమాణం లెక్కకట్టే కమాండ్) కొడితే నాకు వచ్చింది దాదాపు 3,47,146 ఘనపు మిల్లీమీటర్లు, పాతదీ 44–66 కొత్తదీ కలిపి. బరువు కావాల్సినదానికంటే 60 శాతం ఎక్కువ. తిరిగే భాగానికి ఇదే మోడల్ వాడి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

సెక్షన్‌ని ఎక్స్‌వై తలంలో గీసి వై అక్షం చుట్టూ తిప్పేవాళ్లకి ఇంకా ప్రమాదం, మనలో ఎక్కువమంది చేసేది అదే. దానికి సీసిస్,5 (వై అక్షంగా సిలిండ్రికల్) కావాలి. ఈ మాక్రో సీసిస్,1 లోనే స్కేల్ చేస్తుంది కాబట్టి రింగు ఎక్స్ వైపు 66, జెడ్ వైపు 60 అయి కోడిగుడ్డవుతుంది, ఎత్తు కూడా 25 నుంచి 27.5కి పోతుంది.

ప్యాకులో రెండో ఫైలు కేమోడిఫ్‌తో పాయింట్లు జరుపుతుంది. అదీ అంతే. ఆ పాయింటుకి అంటుకున్న లైన్లు, ఏరియాలు, వాల్యూములు అప్పుడు ఏ కోఆర్డినేట్ సిస్టమ్ యాక్టివ్‌గా ఉంటే దాంట్లో మళ్లీ గీయబడతాయి. ఈయన సీసిస్,0 (మామూలు ఎక్స్-వై-జెడ్) పెట్టాడు, ఆర్కులు సరళరేఖలైపోతాయి. నాలుగు సెగ్మెంట్ల రింగు నలుపలకలవుతుంది. పైగా మెష్ (లెక్క కోసం మోడల్‌ని చిన్న ముక్కలు చేసిన వల) పోతుంది, కాంపొనెంట్లలోంచి (పేరు పెట్టుకున్న గుంపుల్లోంచి) కూడా ఆ భాగాలు జారిపోవచ్చు.

నిజానికి ఏపీడీఎల్‌లో రివాల్వ్ చేసినదానికి హిస్టరీ చెట్టు ఉండదు, వెనక్కి వెళ్లి కొలత మార్చడం కుదరదు. కొలతల్ని పారామీటర్లుగా పెట్టుకుని చెరిపి మళ్లీ తిప్పడమే దారి: వీక్లియర్,ఆల్ (మెష్ చెరపడం) తర్వాత వీడిలీ,ఆల్,,,1 (వాల్యూములు తీసేయడం), ఆపైన సెక్షన్ గీసే రెక్ట్‌ఎన్‌జీ,ఆర్‌ఐ,ఆర్‌ఓ,0,హెచ్, ఆపైన వీరొటాట్,ఆల్,,,,,,1001,1002,360,4. అక్షం పాయింట్లు 1001, 1002 ముందే వై మీద పెట్టుకోవాలి. ఆల్ తర్వాత ఆరు కామాలు, లెక్కపెట్టండి. ఇది చేయడానికి ప్యాకు కొన్నానంటే నన్ను నేనే కొట్టుకోవాలి.

కొనే తీరాలనుకుంటే, రంధ్రం ఉన్న రింగు మీద, వై అక్షంతో రన్ చేసి వీలిస్ట్, వీసమ్ చూపించమనండి. ఎన్‌క్రిప్ట్ చేసిన మాక్రో అయితే అసలు ముట్టుకోవద్దు.

రీఫండ్ అడిగిన మెసేజ్‌కి ఇంకా ఒకటే టిక్కు.