ఫైనాన్స్ యాప్‌కి సోషల్ మీడియా యాడ్స్: ఇన్‌స్టాల్ ధర వేరు, ఇన్వెస్టర్ ధర వేరు

హైదరాబాద్‌లో ఒక చిన్న మ్యూచువల్ ఫండ్ యాప్‌కి కొన్నేళ్లుగా యాడ్స్ పని చూస్తున్నాను. మా కస్టమర్లలో ఎక్కువమంది తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వాళ్లే. డబ్బు ప్రధానంగా ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో పెడతాం, మిగిలింది గూగుల్ యాప్ క్యాంపెయిన్లలో. ఇన్నాళ్లు వాడాక నా అభిప్రాయం ఇది: ఈ యాడ్స్ పనిచేస్తాయి. కానీ డ్యాష్‌బోర్డులో ముందు కనిపించే ధరకీ చివరికి మన జేబులోంచి పోయే ఖర్చుకీ పొంతన ఉండదు. ఆ తేడా ఎంతో కాగితం మీద వేసుకున్నాకే మొదటి రూపాయి పెట్టాలి.

లెక్క అర్థం కావడానికి రౌండ్ ఫిగర్లు తీసుకుందాం. ఒక ఇన్‌స్టాల్‌కి 40 రూపాయలు పడిందనుకోండి. వందమందికి 4,000. అందులో 60 మంది మొబైల్ నంబరు ఇచ్చి ఓటీపీ కొట్టారు. పాన్ అడగ్గానే చాలామంది ఆగిపోతారు. ఆధార్, సెల్ఫీ, బ్యాంకు ఖాతా, నామినీ అన్నీ దాటి కేవైసీ పూర్తిచేసింది 25 మంది. వాళ్లలో మొదటి సిప్ (ఫండ్‌లో నెలనెలా పెట్టే వాయిదా) కట్టింది 8 మంది. అంటే ఒక్కో ఇన్వెస్టర్‌కి 500 రూపాయలు పడింది. దాని మీద 18 శాతం జీఎస్టీ. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న కంపెనీ దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు, అంటే తను కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవచ్చు. రిజిస్ట్రేషన్ లేని చిన్న డిస్ట్రిబ్యూటర్‌కి (కమిషన్ మీద ఫండ్లు అమ్మేవాళ్లకి) అదంతా ఖర్చే.

ఇప్పుడు రాబడి వైపు చూడండి. ఆ మనిషి నెలకి 500 సిప్ పెట్టాడు. మార్కెట్ పెరుగుదల పక్కన పెడితే మొదటి ఏడాది అతని ఖాతాలో సగటున ఉండేది 3,250 రూపాయలు. రెగ్యులర్ ప్లాన్ (డిస్ట్రిబ్యూటర్ ద్వారా కొనేది) మీద ఏడాదికి 0.8 శాతం ట్రెయిల్ కమిషన్, అంటే ఖాతాలో డబ్బు ఉన్నన్నాళ్లూ వచ్చే కమిషన్, వస్తుందనుకుంటే మనకి దక్కేది 26 రూపాయలు. రెండో ఏడాది 74, మూడో ఏడాది 122. పెట్టిన 500 వెనక్కి రావాలంటే అయిదో ఏడాదిలో అడుగుపెట్టాలి. నాలుగో నెలలోనే సిప్ ఆగిపోతే ఆ డబ్బు ఇక రాదు. అందుకే ఇన్‌స్టాల్ ధర తగ్గిందని ఎవరైనా సంబరంగా చెబితే నేను ముందు అడిగేది, ఆరు నెలల కిందట వచ్చినవాళ్లలో ఇంకా ఎంతమంది సిప్ కడుతున్నారని.

పైగా యాడ్ స్థలం అమ్ముడయ్యేది వేలంలో. అదే మనిషికి యాడ్ చూపించడానికి మనతోపాటు బ్రోకింగ్ యాప్‌లు, లోన్ యాప్‌లు, క్రెడిట్ కార్డు కంపెనీలు పోటీ పడుతుంటాయి. ఆర్డర్‌కి 20 రూపాయలు తీసుకునే బ్రోకర్‌కి రోజూ ట్రేడ్ చేసే ఒక్క కస్టమర్ దొరికితే కొద్ది రోజుల్లోనే ఖర్చు తిరిగొస్తుంది. అతను ఎంత ధరకైనా పాడగలడు, ఫండ్లు అమ్మే యాప్ పాడలేదు. దసరా, దీపావళి రోజుల్లో ఆన్‌లైన్ షాపింగ్ సేల్స్ వాళ్లు కూడా అదే వేలంలోకి దిగుతారు కాబట్టి వెయ్యి సార్లు యాడ్ చూపించడానికయ్యే ధర బాగా పెరుగుతుంది. మేం ఆ వారాల్లో బడ్జెట్ తగ్గించి, సంక్రాంతి దాటాక పెంచుతాం. ఒకప్పుడు పన్ను ఆదా ఫండ్ల వల్ల ఫిబ్రవరి, మార్చి నెలలు మాకు పెద్ద సీజన్. కొత్త పన్ను విధానం డిఫాల్ట్ అయ్యాక 80సి పన్ను మినహాయింపు కోసం వచ్చేవాళ్లు తగ్గిపోయారు, కొత్త విధానంలో అది లేదు కాబట్టి. నెలలో చూస్తే ఒకటో తారీఖు నుంచి పదో తారీఖు దాకా, అంటే జీతం చేతిలో ఉన్నప్పుడు, సిప్ మొదలుపెట్టేవాళ్లు ఎక్కువ.

ఖర్చు మీద అన్నిటికంటే పెద్ద ప్రభావం చూపించేది బడ్జెట్ కాదు, ప్లాట్‌ఫామ్‌కి మనం ఏ పని లక్ష్యంగా చెబుతామన్నది. ఇన్‌స్టాల్ కావాలంటే ఇన్‌స్టాల్ చేసి మర్చిపోయేవాళ్లనే వెతికి తెస్తుంది. సిప్ కావాలంటే సిప్ కట్టే అవకాశం ఉన్నవాళ్లని వెతుకుతుంది. వెతకడం నేర్చుకోవడానికి మాత్రం దానికి తగినన్ని ఉదాహరణలు కావాలి. మెటాలో (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల కంపెనీ) ఒక యాడ్ సెట్, అంటే ఒకే లక్ష్యంతో నడిచే యాడ్ల గుంపు, ఈ నేర్చుకునే (లెర్నింగ్) దశ దాటాలంటే వారంలో సుమారు 50 సార్లు ఆ పని జరగాలి. పైన వేసిన లెక్క ప్రకారం 50 సిప్‌లంటే వారానికి 25,000, అదీ ఒక్క యాడ్ సెట్‌కే. చిన్న కంపెనీకి అది మోయలేని భారం. మేం పాన్ వెరిఫై అయిన దశని లక్ష్యంగా పెట్టుకున్నాం. ఆ సంఖ్య వారంలో సులువుగా దాటుతుంది, పైగా పాన్ ఇచ్చాడంటే మనిషి సీరియస్‌గా ఉన్నాడని తెలుస్తుంది. గుంటూరుకి ఒకటి, వరంగల్‌కి ఒకటి, రాజమండ్రికి ఒకటి అంటూ యాడ్ సెట్లు ముక్కలు చేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అలా చేస్తే ఏదీ 50కి చేరదు. రెండు రాష్ట్రాలనీ ఒకే సెట్‌లో ఉంచితేనే ధర నిలకడగా ఉంటుంది. బడ్జెట్ రోజూ పెంచుతూ తగ్గిస్తూ ఉన్నా నేర్చుకోవడం మళ్లీ మొదటికి వస్తుంది.

చవక ఇన్‌స్టాళ్ల గురించి ఒక మాట చెప్పాలి. ఒక అఫిలియేట్ నెట్‌వర్క్ (కమిషన్ మీద ఇన్‌స్టాళ్లు తెచ్చే మధ్యవర్తి సంస్థ) మాకు మామూలు ధరలో సగానికే ఇన్‌స్టాళ్లు తెస్తామంది, తెచ్చింది కూడా. తెల్లవారుజామున మూడింటికి గుంపులుగా వచ్చాయి, అన్నీ ఒకటి రెండు మోడళ్ల ఫోన్లే. క్లిక్‌కీ ఇన్‌స్టాల్‌కీ మధ్య కొద్ది సెకన్లే తేడా. ఒక్కరంటే ఒక్కరు పాన్ ఇవ్వలేదు. ఇన్‌స్టాల్ అవుతున్న క్షణంలో దొంగ క్లిక్ పంపి, ఆ ఇన్‌స్టాల్ తమ ఖాతాలో వేసుకునే పద్ధతులు ఈ రంగంలో పాతవే. ఫైనాన్స్ యాప్‌కి ఉన్న ఒక మంచి రక్షణ ఏమిటంటే, కేవైసీని యంత్రాలు పూర్తిచేయలేవు. బయటి ఏజెన్సీ ఎవరితోనైనా ఒప్పందం కేవైసీ పూర్తయిన ఖాతాకింత అని రాసుకోండి. దానికి ఒప్పుకోని ఏజెన్సీకి పని ఇవ్వకండి.

మన దగ్గర ధర పెంచే ఇంకో విషయం ఉంది, దాని గురించి మార్కెటింగ్ వాళ్లు పెద్దగా మాట్లాడరు. అది భయం. 2020 చివర్లో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు ఇన్‌స్టంట్ లోన్ యాప్‌ల మీద కేసులు పెట్టి అరెస్టులు చేశారు. ఆ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. ఆర్‌బీఐ 2022 సెప్టెంబరులో డిజిటల్ లోన్లకి మార్గదర్శకాలు తెచ్చింది, ప్లే స్టోర్ కూడా లోన్ యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు తీసుకోకుండా ఆపింది. అయినా జనం మనసులో ఆ భయం పోలేదు. మా ప్రతి యాడ్ కింద ఎవరో ఒకరు అడుగుతారు: "ఇది లోన్ యాప్ కాదు కదా?", "మా కాంటాక్టులు తీసుకుంటారా?" ఈ ప్రశ్నలకి జవాబు లేకుండా వదిలేసిన యాడ్‌కి పాన్ దశలో ధర పెరుగుతూ పోతుంది. మా టీమ్‌లో ఒకమ్మాయి రోజూ కూర్చుని ప్రతి ప్రశ్నకీ తెలుగులో, ఓపిగ్గా, గౌరవంగా జవాబు రాస్తుంది. మా ఏఆర్‌ఎన్ నంబరు (ఫండ్లు అమ్మేవాళ్ల రిజిస్ట్రేషన్ నంబరు) ఏమిటో, డబ్బు మా ఖాతాలోకి కాక ఫండ్ ఖాతాలోకి ఎలా వెళ్తుందో చెబుతుంది. మా యాడ్ ఖర్చు తగ్గించడంలో ఆమె పనికి సాటివచ్చే టెక్నిక్ ఇంకోటి నేను చూడలేదు.

యాడ్ ఎలా ఉండాలన్నదానికీ ఇదే వర్తిస్తుంది. ముంబైలో తీసిన హిందీ యాడ్‌కి తెలుగు గొంతు అతికిస్తే చూసేవాళ్లకి వెంటనే తెలిసిపోతుంది. మాకు ఎక్కువ కాలం నిలబడ్డ వీడియోలో ఒక మామూలు మనిషి ఫోన్ పట్టుకుని కేవైసీ మొత్తం చేసి చూపిస్తాడు, పాన్ ఎందుకు అడుగుతున్నారో చెబుతాడు. ఇంకోటి, చిట్టీ కట్టే అలవాటున్నవాళ్లతో మాట్లాడే వీడియో. చిట్టీని తక్కువ చేసి మాట్లాడం, అది మా అమ్మా నాన్నల పొదుపు. నెల నెలా కట్టే క్రమశిక్షణ మీకు ముందే ఉందని గుర్తుచేస్తాం, ఇందులో రిస్క్ ఉందనీ చెబుతాం. రాబడి ఇంత ఖాయం అని చెప్పడం ఎలాగూ నిషేధమే. మార్కెట్ రిస్క్ హెచ్చరిక తప్పనిసరి. కస్టమర్‌కి కమిషన్‌లో వాటా తిరిగి ఇవ్వడానికి కూడా వీల్లేదు, అందుకే పేమెంట్ యాప్‌ల్లాగా క్యాష్‌బ్యాక్ ఇచ్చి జనాన్ని రప్పించే దారి మాకు లేదు. మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024లో తెచ్చిన నిబంధనల తర్వాత, రిజిస్ట్రేషన్ లేకుండా షేర్ల సలహాలిచ్చే ఇన్‌ఫ్లుయెన్సర్లతో మాలాంటివాళ్లు కలిసి పనిచేయకూడదు. 2025 మధ్య నుంచి మన దేశంలో పెట్టుబడుల యాడ్స్ ఇచ్చేవాళ్లు మెటాలో సెబీ వివరాలతో ధ్రువీకరణ చేయించుకోవాలి. కాగితాల పని పెరిగింది, టెన్షన్ పడ్డాం. కానీ ప్రముఖుల ముఖాలతో దొంగ టిప్పుల యాడ్స్ చూసి డబ్బు పోగొట్టుకున్నవాళ్లతో మాట్లాడినదాన్ని, ఆ నిబంధన రావాల్సిందే అంటాను.

ఐఫోన్ సంగతి క్లుప్తంగా. 2021 ఏప్రిల్‌లో ఐఓఎస్ 14.5 వచ్చాక యూజర్ అనుమతి లేకుండా ట్రాక్ చేయడం కుదరదు. ఎవరు ఏ యాడ్ చూసి వచ్చారో ఆలస్యంగా, మూకుమ్మడి లెక్కల్లోనే తెలుస్తుంది. మన రాష్ట్రాల్లో ఎక్కువమందివి ఆండ్రాయిడ్ ఫోన్లే కాబట్టి మా లెక్కలు పెద్దగా దెబ్బతినలేదు. ఐఫోన్‌కి వేరే క్యాంపెయిన్ పెట్టి, దాని ఫలితాన్ని నిజంగా మొదలైన సిప్‌ల సంఖ్యతోనే కొలుస్తాం. గూగుల్ యాప్ క్యాంపెయిన్‌లో యాడ్ ఎక్కడ కనిపించాలో మనం ఎంచుకోలేం. కానీ ప్లే స్టోర్‌లో వెతుక్కుంటూ వచ్చేవాళ్లు అక్కడ దొరుకుతారు, వాళ్ల సిప్‌లు ఎక్కువ కాలం నిలుస్తున్నాయి. అటువైపు వాటా పెంచుతున్నాం.

నెలకి ఇరవై, ముప్పై వేలు మాత్రమే పెట్టగలిగే డిస్ట్రిబ్యూటర్లు నన్ను అడిగితే యాప్ ఇన్‌స్టాల్ క్యాంపెయిన్ వద్దంటాను. వాట్సాప్ చాట్‌లోకి తీసుకెళ్లే యాడ్ పెట్టండి. అలా వచ్చిన మెసేజ్‌కి 24 గంటల్లోపు బదులిస్తే, ఆ తర్వాత 72 గంటల వరకు వాట్సాప్ బిజినెస్ ఏపీఐలో (కంపెనీలు మెసేజ్‌లు పంపే వ్యవస్థ) మెసేజ్ చార్జీ పడదు. ఆ మూడు రోజుల్లో సందేహాలు తీర్చి, కేవైసీ దగ్గరుండి చేయించండి. యూపీఐ ఆటోపే మ్యాండేట్ (నెలనెలా వాయిదా దానంతటదే కట్ అయ్యేందుకు అనుమతి) కూడా ఆ చాట్‌లోనే పూర్తిచేయించండి. రెండో నెల వాయిదా కట్ అయ్యేముందు ఖాతాలో డబ్బు ఉంచమని ఒక మెసేజ్ పంపండి.