పాప పుట్టాక టాటా 407: అమ్మాలా, ఉంచాలా?

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. మహేంద్రతనయ దాటితే ఆంధ్రలోని పాతపట్నం. నా బండి 2011 మోడల్ టాటా 407 చిన్న లారీ. నంబరు ఓఆర్ 20తో మొదలవుతుంది. ఒడిశా బండ్లకు ఓడీ అని రాయడం 2012లో మొదలైంది కాబట్టి నంబరు పలక చూడగానే దీని వయసు స్టాండులో అందరికీ తెలిసిపోతుంది. షోరూం నుంచి తెచ్చింది నేనే, అప్పటి నుంచి నడుపుతున్నదీ నేనే. పాప పుట్టి ఏడాది కావస్తోంది. బండి అమ్మాలా, ఉంచుకోవాలా అన్నది ఈ ఏడాదిగా మా ఇంట్లో తెగని మాట. అందుకే మైలేజీ దగ్గర ఆగిపోకుండా, చంటిబిడ్డ ఉన్న ఇంటికి ఈ బండి ఎంతవరకు పనికొస్తుందో రాస్తున్నాను. సొంత బండి నడుపుకుంటూ కొత్తగా తండ్రులైనవాళ్లు ఈ సరిహద్దు ఊళ్లలో చాలామంది ఉన్నారు. వాళ్లందరినీ దృష్టిలో పెట్టుకునే రాస్తున్నాను.

407 బజారులోకి వచ్చింది 1986లో. టాటా మోటార్స్ పేరు అప్పటికి టెల్కో. ఆ దశాబ్దంలోనే జపాన్ కంపెనీలతో కలిసి చిన్న లారీలు తయారుచేసినవాళ్లు నలుగురున్నారు: డీసీఎం టొయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి, జహీరాబాద్‌లో తయారైన ఆల్విన్ నిస్సాన్. నున్నటి రోడ్లకు అలవాటుపడిన ఆ బండ్ల మధ్య, మన గుంతలకూ మన బరువులకూ తగ్గట్టు ఇక్కడే గీసుకున్న బండిగా 407 నిలదొక్కుకుంది. ఇప్పటికీ తయారవుతూనే ఉంది. నేను కొన్న రోజున ఈ చరిత్రేదీ నాకు తెలియదు. మా నాన్న ఒక్క మాట అన్నారు: "ఏ ఊళ్లో ఆగిపోయినా బాగుచేసేవాడు దొరికే బండి తీసుకో." ఇన్నేళ్లలో ఆయన మాట ఒక్కసారి కూడా తప్పలేదు.

నా బండిలో ఉన్నది నాలుగు సిలిండర్ల 2956 సీసీ డీజిల్ ఇంజను. డీజిల్ పంపు మెకానికల్. మా జిల్లాలోని ఆర్.ఉదయగిరి దాటి కొండల్లోకి వెళ్లాక ఫోనుకు సిగ్నల్ దొరకని చోటు చాలా ఉంది. అక్కడ బండి ఆగితే స్పానర్లతో, చేతికందే సామానుతో కదిలించుకోగలగాలి. డీజిల్ గొట్టంలో గాలి చేరితే చేత్తో పంపు కొట్టి, గాలి తీసి, మళ్లీ స్టార్టు చేసుకోవచ్చు. 2020 ఏప్రిల్ తరువాతి బీఎస్-6 (కొత్త కాలుష్య నిబంధనల) బండ్లలో పొగ తక్కువ, చప్పుడు తక్కువ, అది మంచిదే. వాటిలో సెన్సారు ఒకటి మొరాయిస్తే మాత్రం ల్యాప్‌టాప్ పట్టుకుని మనిషి రావాలి. నువాగడ కొండ మీదికి ఆ మనిషి ఎప్పుడొస్తాడు?

నాకు ముఖ్యమైన పని జీడి పిక్కల సీజను. మార్చి చివర మొదలై మే దాకా సాగుతుంది. కొండ ఊళ్లలో వ్యాపారులు కొన్న పిక్కలు టెక్కలి మీదుగా పలాస జీడిపప్పు బట్టీలకు చేరాలి. మా వైపు పిక్కల బస్తా అంటే 80 కిలోలు. ఇరవై ఎనిమిది బస్తాలు వేస్తే రెండు టన్నుల పైచిలుకు. ఆర్సీలో రాసిన బరువుకు అది సరిపోతుంది. ఇంకో పది వేయమని అడగని వ్యాపారి లేడు. నేను వేయను. ఘాట్ దిగేటప్పుడు ఆ పది బస్తాలూ వెనక నుంచి తోస్తాయి. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. డీజిల్ ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దింపే కుర్రాళ్లను చూస్తే నాకు కోపం ఆగదు. ఈ బండి బ్రేకుకు వాక్యూం సాయం ఇంజను నుంచే వస్తుంది. న్యూట్రల్‌లో ఉండగా ఇంజను ఆగితే పెడలు రాయిలా బిగుసుకుంటుంది. గేరులో ఉంచి, ఇంజనును పట్టుగా వాడుకుంటూ దింపితే మాత్రం 407 ఎంత నిమ్మళంగా దిగుతుందో చెప్పలేను. ముందూ వెనకా ఉన్న కమాన్ల (స్ప్రింగు పట్టీల) మీద బరువు సరిగ్గా కూర్చుంటే మలుపులో బండి ఒక పక్కకు ఒరగదు. ఖాళీగా వస్తున్నప్పుడు ఆ కమాన్లే నడుము విరగ్గొడతాయి. బరువు మోయడానికి చేసిన ఏ లారీ అయినా అంతే.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. మా జిల్లాలో కొండ చరియలు విరిగి పడి మనుషులు పోయారు. రోడ్డు తెరుచుకున్న చోటల్లా బియ్యం, మంచినీళ్లు, టార్పాలిన్లు వేసుకుని తిరిగింది ఈ బండే. చెట్లు కోసి పక్కకు లాగడానికి తాడు కట్టింది దీని వెనకే. కిరాయి అడగని రోజులవి. ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ బండిని చూసి నన్ను గుర్తుపడతారు. అలాంటి బండికి వెల కట్టమంటే నాకు నోరు రాదు. ఈ మాట దాచుకుని పైకి లెక్కలు మాత్రమే రాస్తే ఈ సమీక్షకు అర్థం లేదు.

ఇక పాప సంగతి.

మొదటగా, బిడ్డను ఈ క్యాబిన్‌లో తిప్పకండి. టీకాకైనా, అమ్మమ్మ ఊరికైనా, "పక్క వీధే కదా" అన్నా సరే, వద్దు. ఆ కాలపు లారీల్లో ఇంజను కొంత భాగం క్యాబిన్‌లోకే వస్తుంది. దాని మూత డ్రైవరు మోకాలి పక్కనే ఉంటుంది. ఏప్రిల్ మధ్యాహ్నం పలాస నుంచి వస్తుంటే ఆ మూత మీద చేయి ఆనించలేం. ఆ వేడిలో, ఆ చప్పుడులో చంటిబిడ్డను కూర్చోబెట్టడం తగని పని. పిల్లల సీటు బిగించడానికి అందులో అమరిక లేదు. అమ్మ ఒళ్లో ఉంటే క్షేమం అనుకుంటాం కానీ, గట్టిగా బ్రేకు పడితే ఒడి ఆపలేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా అంటోంది. జరిమానా సంగతి అలా ఉంచి, ఆ నిబంధన వెనకున్న కారణం మాత్రం ప్రతి తండ్రికీ తెలియాలి. 2025 అక్టోబరు 1 తరువాత తయారయ్యే, మూడున్నర టన్నులు దాటిన లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. డ్రైవర్లకు ఇది ఎప్పుడో రావాల్సిన సుఖం. అయితే ఏసీ ఉన్నంత మాత్రాన లారీ ఇంటిల్లిపాదీ తిరిగే బండి అయిపోదు.

అంటే బండి అమ్మేయాలనా? అక్కడే నాకూ మా ఆవిడకూ చాలా రోజులు మాట కుదరలేదు. ఆసుపత్రికి పోవాలంటే ఆటో ఉంది, బస్సు ఉంది, ఒడిశాలో తల్లీబిడ్డల కోసం 102 అంబులెన్సు ఉంది. బిడ్డను తిప్పడానికి పనికిరాదన్న ఒక్క కారణంతో అన్నం పెట్టే బండిని అమ్మనక్కర్లేదు. ఆమె అడిగింది వేరు. "ఏమండీ, నేను బండి వద్దనడం లేదు. రాత్రిళ్లు మీరు ఎక్కడున్నారో తెలియక నాకు నిద్ర పట్టడం లేదు," అంది.

సీజను లేనప్పుడు నా బండికి పని విశాఖ లోడ్లే. చీకటి పడ్డాక లోడు చేసి, టెక్కలి దగ్గర జాతీయ రహదారి ఎక్కి, తెల్లారేసరికి మార్కెట్‌లో దింపాలి. తెల్లవారుజామున రెండింటికీ ఐదింటికీ మధ్య ఒంట్లో నిద్ర బలంగా లాగే వేళ. టీ తాగినా, ముఖం కడిగినా దాన్ని కాసేపు వాయిదా వేయగలమే తప్ప ఆపలేం. పెళ్లికి ముందు పగలంతా పడుకుని రాత్రి బండి ఎక్కేవాణ్ని. ఇప్పుడు పగలు పాప పడుకోనివ్వదు, నాకూ దాన్ని వదిలి పడుకోబుద్ధి కాదు. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరు పనికి రోజుకు ఎనిమిది గంటల హద్దు పెట్టింది. సొంత బండి నడుపుకునేవాడి గంటలు లెక్కపెట్టేవారు ఎవరూ లేరు. ఆ లెక్క ఇంట్లోవాళ్లే పెట్టాలి. మా ఇంట్లో మా ఆవిడ పెట్టింది, సరిగ్గా పెట్టింది. బండి ఎంత మంచిదైనా నిద్ర చాలని డ్రైవరును కాపాడలేదు. కొత్తది కొన్నా, చిన్నది కొన్నా, ఆ రెండింటికీ ఐదింటికీ మధ్య రోడ్డు మీద ఉన్నంతకాలం ప్రమాదం అంతే.

అయినా అమ్మితే ఏమొస్తుందో తెలియాలి కదా అని టెక్కలి నుంచి ఒక బ్రోకరును పిలిపించాను. పని తెలిసిన మనిషి. ఇంజను నడుస్తుండగా ఆయిల్ మూత తీసి పొగ ఎంత వస్తోందో చూశాడు. కిందికి దూరి, కమాన్లు వేలాడే చోట ఛాసిస్ మీద సుత్తితో తట్టి, చప్పుడు విన్నాడు. తలుపుల అంచులు, క్యాబిన్ నేల, డాలా గొళ్లేలు అన్నీ చూసి రెండు లక్షల అరవై వేలు చెప్పాడు. "2025 సెప్టెంబరులో కొత్త సరుకు బండ్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి దిగింది తమ్ముడూ, పాతవాటికి ఇదివరకటి ధర రాదు," అన్నాడు. అతని లెక్క అతనిది. నా లెక్కలో ఆ డబ్బుతో ఇంత పని చేసే ఇంకో బండి రాదు. కొత్తది పది లక్షల మాట, మళ్లీ కిస్తీ, కిస్తీ కట్టాలంటే మళ్లీ రాత్రి లోడ్లు. ఏ కారణానికి బండి అమ్మాలనుకున్నానో, ఆ కారణం దగ్గరికే తిరిగి వచ్చి పడతాను. అప్పు తీరిన పాత బండి ఇచ్చే పెద్ద లాభం ఇదే: వచ్చిన లోడును వద్దనగలిగే స్వేచ్ఛ.

పదిహేనేళ్లు నిండితే బండి తుక్కే అని స్టాండులో భయపెట్టేవాళ్లున్నారు. పదిహేనేళ్లకు రిజిస్ట్రేషన్ రద్దు చేయాలన్న నియమం ప్రభుత్వ వాహనాలకు. మన బండి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) పరీక్షలో నెగ్గినంతకాలం తిరుగుతుంది. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఎఫ్‌సీ ఏటా చేయించాలి, వయసు పెరిగిన బండికి రుసుమూ పెరిగింది. ఆ ఖర్చు ముందే పక్కన పెట్టుకోగలిగినవాళ్లే పాత బండి ఉంచుకోవాలి.

అమ్మాలని నిర్ణయించుకున్నవాళ్లు కాగితాల పని సగంలో వదలకండి. అప్పు తీరాక ఫారం 35తో ఆర్సీ మీద ఫైనాన్స్ పేరు తీయించాలి. బదిలీకి ఫారం 29, 30. ఆంధ్రలో కొనేవాడికైతే ఫారం 28తో ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) కూడా కావాలి. స్టాంపు కాగితం మీద సంతకాలు చేసుకుని తాళాలు ఇచ్చేయడం మా సరిహద్దులో మామూలు. రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మేసిన బండి ఎక్కడో గుద్దితే నష్టపరిహారం మన మెడకు చుట్టుకుంటుంది. చంటిబిడ్డ ఉన్న ఇంటికి అంతకన్నా పెద్ద ముప్పు ఏముంటుంది?

చివరికి మేమిద్దరం కూర్చుని ఒక మాటకు వచ్చాం. బండి ఉంటుంది. విశాఖ రాత్రి లోడ్లు మానేశాను. సీజనులో పలాస పగటి లోడ్లు. తరువాత మా జిల్లాలోని చంద్రగిరి వైపు నుంచి మొక్కజొన్న, ఊళ్లో సిమెంటు, ఇటుకలు, ఇల్లు మారేవాళ్ల సామాను. ఆదాయం తగ్గింది, తగ్గుతుందని తెలిసే మానేశాను. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు బండి మా వీధి చివర ఉండాలన్నది షరతు. పాప విషయంలో ఇంకో షరతు పెట్టింది మా ఆవిడ: బండి ఆపి, తాళంచెవి తీసేసి, ఇంజను చల్లారాక మాత్రమే స్టీరింగు ముందు కూర్చోబెట్టాలి. పాపకు హారన్ అంటే ప్రాణం.

ఇల్లు గడవాలంటే రాత్రి లోడ్లు తప్పవు, వేరే డ్రైవరును పెట్టుకునే స్తోమత లేదు అన్న పరిస్థితి మీదైతే, నా సలహా అమ్మేయమనే. బండి మీద ఎంత ప్రేమ ఉన్నా సరే. పగటి పని దొరికి, అప్పు తీరి, ఛాసిస్ గట్టిగా ఉంటే 407ను వదులుకోకండి. బరువు మోయడంలో, కొండ ఎక్కడంలో, ఎక్కడైనా బాగుపడటంలో నేను దీనికి అయిదుకు అయిదు ఇస్తాను. ఇంటిల్లిపాదీ ప్రయాణించే బండిగా ఒక్కటి కూడా ఇవ్వను.

బ్రోకరుకు ఫోను చేసి అమ్మడం లేదని చెప్పేశాను. క్లచ్ ప్లేటు, వెనక కమాన్ల బుష్‌లు మార్చే వేళయింది. పిక్కలు రాకముందే ఆ పని పూర్తి కావాలి కాబట్టి సోమవారం బండిని మెకానిక్ దగ్గర పెడుతున్నాను.