కుండీలో క్రిస్మస్ చెట్టు: అరకేరియా కొనొచ్చా?

పండక్కి ఇంట్లో పెట్టుకునే చెట్లలో పర్యావరణానికి అన్నిటికంటే తక్కువ భారం ఏది అంటే, మంచు గడ్డకట్టని చోట్ల మా ఓటు కుండీలో పెరిగే అరకేరియాకే. నర్సరీల్లో చాలాచోట్ల క్రిస్మస్ చెట్టంటే ఇదే. పసిఫిక్‌లోని నార్ఫోక్ దీవి దీని పుట్టిల్లు. చలిదేశాల్లో క్రిస్మస్‌కి వాడే స్ప్రూస్, ఫర్ చెట్లకు చలికాలపు నిద్ర కావాలి. దీనికి అక్కర్లేదు కాబట్టి ఏడాదంతా ఇంట్లోనే ఉంటుంది.

కొనేముందు ఆకుల్ని వేలితో రుద్ది చూడండి. పచ్చరంగో, మెరుపుల పొడో అంటితే ఆ మొక్క వద్దు. రంగు పూత ఆకుకి వెలుతురు అందనివ్వదు. ఆ మెరుపులు ఎక్కువగా ప్లాస్టిక్ ముక్కలే, రాలి మట్టిలో కలుస్తాయి. తర్వాత కాండం మొదలు చూడండి. గుబురుగా కనిపించాలని ఒకే కుండీలో మూడు నుంచి ఐదు మొలకలు కుక్కి అమ్ముతుంటారు. అవి ఒకదాని వెలుతురు ఒకటి లాక్కుని లోపలి కొమ్మలు ఎండిపోతాయి. విడదీయబోతే వేళ్లు తెగుతాయి. పల్చగా ఉన్నా సరే, ఒకే కాండం నిటారుగా ఉన్నది తీసుకోండి. కుండీకి చుట్టిన మెరుపు కాగితం ఇంటికి రాగానే తీసేయాలి, లేకపోతే నీళ్లు అడుగున నిలిచి వేళ్లు కుళ్లుతాయి.

వెలుతురు బాగా వచ్చే కిటికీ పక్కన పెట్టి, వారానికోసారి కుండీని పావువంతు తిప్పండి. లేకపోతే చెట్టు ఒకవైపే వాలుతుంది. పైమట్టి రెండు మూడు సెంటీమీటర్ల లోతు ఆరాక, అడుగు రంధ్రం నుంచి కారేదాకా నీళ్లు పోసి, పళ్లెంలో చేరినవి పారబోయండి. నీళ్లు ఎక్కువైనా, తక్కువైనా, ఏసీ గాలి తగిలినా కింది కొమ్మలు గోధుమరంగుకి తిరిగి రాలతాయి. రాలిన చోట మళ్లీ కొమ్మ రాదు, అందుకే ఈ మొక్కకి ఆలస్యంగా చేసే వైద్యం పనికిరాదు. గుబురవుతుందని ఎవరైనా చెప్పినా తలచిగురు తుంచకండి, నిటారు రూపం పోతుంది.

అలంకరణలోనే ఇది నిరాశపరుస్తుంది. కొమ్మలు మెత్తన, గాజు బంతుల బరువుకి ఒంగిపోతాయి. సన్నని ఎల్‌ఈడీ దీపాల తీగ, కాగితం, గుడ్డ బొమ్మలు చాలు. నక్షత్రాన్ని తలచిగురుకి కాకుండా, కుండీలో గుచ్చిన సన్నకర్రకి కట్టండి. ఆరడుగుల చెట్టు కావాలనుకునేవాళ్లకి ఇది సరిపడదు, కుండీలో ఆ ఎత్తుకి రావడానికి ఏళ్లు పడుతుంది. నేలలో నాటితే మాత్రం గోడ పక్కన, కరెంటు తీగల కింద వద్దు: సొంత దీవిలో ఇది 50 మీటర్లు దాటుతుంది.

ప్లాస్టిక్ చెట్టు సంగతి. బ్రిటన్‌లోని కార్బన్ ట్రస్ట్ అనే సంస్థ లెక్క ప్రకారం రెండు మీటర్ల ప్లాస్టిక్ చెట్టు పర్యావరణ భారం సుమారు 40 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కి సమానం. అదే ఎత్తున్న నరికిన చెట్టుని పండగయ్యాక తురిమితేనో, కాల్చేస్తేనో 3.5 కిలోలు; చెత్తదిబ్బలో కుళ్లనిస్తే మీథేన్ పుట్టి 16 కిలోలు. అంటే ప్లాస్టిక్‌ది పదేళ్లకు పైగా వాడితే గానీ తురిమిన చెట్టుతో సమానం కాదు. పైగా ఉక్కు తీగలకి మెలేసిన పీవీసీ ఆకుల్ని విడదీసి రీసైకిల్ చేయడం దాదాపు జరగని పని. ఇప్పటికే అటక మీద ఉంటే మాత్రం పారేయకండి, అదే వాడండి. కొత్తది కొనడం మేం సిఫారసు చేయం.

నరికిన చెట్టే తెచ్చుకుంటే కాండం మొదట్లో రెండు సెంటీమీటర్లు కోసి వెంటనే నీళ్లలో నిలబెట్టండి. ఆలస్యమైతే జిగురు కట్టి చెట్టు నీళ్లు పీల్చదు. మామూలు నీళ్లు చాలు, పంచదార అక్కర్లేదు, కానీ నీటిమట్టం కోత కిందికి దిగకూడదు. కృత్రిమ మంచు చల్లితే ఆ చెట్టు ఎరువుకి పనికిరాదు. వేళ్ల ముద్దతో వచ్చే స్ప్రూస్ అయితే ఇంట్లో పది రోజులు మించనివ్వకండి. వెచ్చదనానికి చిగురేస్తుంది, బయట పెట్టగానే ఆ చిగురు చలికి మాడుతుంది.