సీటీసీలో ప్రింటర్ రిపేర్, హెడ్ మార్చకుండానే పనైపోయింది

సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్) చిన్న షాపు, బోర్డు కూడా సరిగ్గా కనపడదు. ప్యారడైజ్ మెట్రోలో దిగి నడిచెళ్లిపోండి, బండి మాత్రం వేసుకెళ్లొద్దు, పార్కింగ్ నరకం.

మాది ఇంక్ ట్యాంక్ ప్రింటర్. ఎండాకాలం సెలవులంతా ఖాళీగా ఉంది, స్కూళ్లు తెరిచాక పిల్లల ప్రాజెక్ట్ వర్క్ తీస్తే ఎల్లో అసలు రావట్లేదు, బ్లాక్‌లో గీతలు. వేరే చోట చూపిస్తే మూత కూడా తీయకుండానే హెడ్ (పేపర్ మీద ఇంక్ చిమ్మే భాగం) పోయిందన్నారు, వాళ్లు చెప్పిన రేటుకి ఇంకొంచెం వేస్తే కొత్తదే వస్తుంది.

ఇక్కడి అబ్బాయి ముందు నాజిల్ చెక్ ప్రింట్ తీశాడు, అంటే హెడ్‌లోని సన్న రంధ్రాలన్నిట్లోంచీ ఇంక్ వస్తోందో లేదో చూసే పేజీ. గీతల్లో ఎక్కడెక్కడ గ్యాపులున్నాయో చూపించి "హెడ్ ఏం పోలేదక్కా, ఇంక్ ఎండింది అంతే" అన్నాడు. నాకు బాగా నచ్చిందేంటంటే ప్రింటర్‌లో ఉండే హెడ్ క్లీనింగ్ ఆప్షన్ పదేపదే కొడుతూ కూర్చోలేదు. ఒకట్రెండు సార్లకి రాకపోతే ఆఫ్ చేసి ఓ 12 గంటలు వదిలేయాలంట, ఎండిన ఇంక్ నానుతుంది, ఊరికే కొడుతూ పోతే ట్యాంకులో ఇంకంతా లాగి అడుగున వేస్ట్ ఇంక్ పీల్చుకునే ప్యాడ్‌లో పోసేస్తుంది. ఆ ప్యాడ్‌లోకి ఎంత ఇంక్ పోయిందో ప్రింటర్ ఓ కౌంటర్‌లో లెక్కేసుకుంటుంది, ఆ లెక్క నిండితే ప్రింటరే ఆగిపోతుంది. మనోళ్లు యూట్యూబ్ చూసి రీసెట్ సాఫ్ట్‌వేర్ కొట్టేస్తారు కదా, దాంతో కౌంటర్ సున్నా అవుతుందే తప్ప ప్యాడ్ ఆరదు, ఓ రోజు టేబుల్ మీదకి కారుతుంది. మాది తీసి చూపించాడు, సగం నల్లగా ఉంది, ఇంకా టైముందిలే అక్కా అని మళ్లీ పెట్టేశాడు. మార్చి డబ్బులు తీసుకున్నా నాకేం తెలుస్తుంది?

హెడ్‌కి క్లీనింగ్ లిక్విడ్ పెట్టి రాత్రంతా ఉంచుకున్నాడు, మర్నాడు అన్ని రంగులూ ఫుల్. 600 తీసుకున్నాడు. పేపర్ లాగే రోలర్ కూడా తుడిచిచ్చాడు.

ఇంకోటి, ప్రింటర్‌ని దాని బటన్‌తోనే ఆపాలంట, గోడ స్విచ్ ఆ తర్వాతే. ప్రింట్ మధ్యలో ప్లగ్ దగ్గర ఆపేస్తే హెడ్ వెళ్లి దాన్ని గాలి తగలకుండా మూసే క్యాప్ మీద కూర్చోదు, గాలికి ఎండిపోతుంది. వారానికో కలర్ పేజీ తీస్తుంటే చాలు.

ఫోన్ ఎత్తడు, బిల్లు అడిగితేనే ఇస్తాడు, అందుకే ఒక స్టార్ కట్. వారంటీ ఉన్న ప్రింటర్లు ముట్టుకోడు, కంపెనీకే తీసుకెళ్లమంటాడు, అది కరెక్టే. ఆదివారం తీయడు.