అశోక్‌నగర్‌లో పదేళ్ల తిండి: రెండో గరిటె చట్నీ

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఏం తినాలని ఎవరైనా అడిగితే నేను బిర్యానీ గురించి మొదలుపెడతానని అనుకుంటారు. బిర్యానీకి పేరుమోసిన ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ పక్కనే కదా మరి. నేను చెప్పేది మాత్రం పల్లీ చట్నీ గురించి. అందులోనూ మొదటి గరిటె గురించి కాదు. అది డబ్బులిచ్చిన ప్రతివాడికీ పోస్తారు. మొహం మాడ్చుకోకుండా పోసే రెండో గరిటె గురించి.

ప్రభుత్వ ఉద్యోగం కోసం గ్రూప్స్ పరీక్షలు రాసి రెండేళ్లలో వెళ్లిపోదామని 2014 చివర్లో ఇక్కడికి వచ్చాను. దాదాపు పదేళ్లు ఉండిపోయాను. పొద్దున చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ పట్టుకోవడం, రాత్రి హాస్టల్‌కి చేరడం, మధ్యలో మూడు పూటలు తినడం. ఈ మూడింటిలో చివరిది ఒక్కటే అనుకున్న ప్రకారం జరిగేది. ఊళ్లో అమ్మ ఫోన్ చేసి "ఏం తిన్నావు" అని అడిగితే పదిలో ఎనిమిది సార్లు "ఇడ్లీ" అన్నాను. అబద్ధం కాదు.

ఆ ఇడ్లీ బండికి పేరు లేదు. లైబ్రరీకి వెళ్లే దారిలో ఒక గల్లీ మలుపులో ఉంటుంది. మా హాస్టల్ వాళ్లం "మలుపు బండి" అంటాం, ఇంకో హాస్టల్ వాళ్లు ఇంకేదో అంటారట. అన్న ఇడ్లీ పాత్ర దగ్గర ఉంటాడు, అక్క డబ్బులు తీసుకుంటుంది. స్టీలు ప్లేటు మీద కవర్ పరిచి నాలుగు ఇడ్లీలు పెట్టి, పక్కనున్న బకెట్లోంచి గరిటెడు చట్నీ పోస్తాడు. సాంబారు లేదు, అల్లం చట్నీ లేదు. ఉన్నదల్లా పల్లీ చట్నీ, కారప్పొడి.

మంచి చట్నీ ఎలా ఉంటుందో నాకు అక్కడే తెలిసింది. ఇడ్లీ మీద పోస్తే అది ఒక్క క్షణం నిలబడాలి. ఆ తర్వాత అంచుల మీంచి నెమ్మదిగా కిందికి దిగాలి. పోయగానే జారి ప్లేటు చివరికి పరుగు తీసిందంటే నీళ్లు కలిశాయన్నమాట. ఆ బండి చట్నీ నిలబడేది. పల్లీలు కొంచెం ముదురుగా వేయించేవాళ్లు, అక్కడక్కడా నల్లటి పొట్టు మచ్చలు కనిపించేవి. వెల్లుల్లి దండిగా ఉండేది. పైన తాలింపులో ఎండుమిర్చి ముక్క ఎవరి ప్లేట్లో పడితే వాడి అదృష్టం. సగం ఇడ్లీలు అయ్యేసరికి ప్లేటు ఖాళీగా కనిపిస్తే, మనం అడక్కముందే అన్న గరిటె ఎత్తేవాడు.

"ఇంకింత పొయ్యాల్నా తమ్మీ?"

ఇది చిన్న విషయం అనుకునేవాళ్లు నెలకి ఇంటి నుంచి వచ్చే డబ్బులతో బతికి ఉండరు. నాలుగు ఇడ్లీలకి ఒక గరిటె చట్నీ అయితే పదకొండింటికే కడుపు కాలుతుంది. రెండు గరిటెలైతే మధ్యాహ్నం ఒంటిగంట దాకా లైబ్రరీలో కదలకుండా కూర్చోవచ్చు. ఇక్కడికి కాస్త దూరంలో ఏసీ ఉన్న టిఫిన్ సెంటర్ ఒకటుంది. అక్కడ చట్నీ చిన్న గిన్నెలో తెస్తారు, అందులో ఇడ్లీ సగం కూడా మునగదు. రెండోసారి అడిగితే సర్వర్ వెళ్లి, చాలాసేపటికి వచ్చి, బిల్లులో కలుపుతాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు, కాబట్టి ఆ హోటల్ మీద నా మాట మీరు పట్టించుకోనక్కర్లేదు.

మిగతావాటి గురించి త్వరగా చెప్పేస్తాను. మధ్యాహ్నం మెస్‌లు. అన్నం ఎంతైనా పెడతారు, పప్పు మూడో రోజుకి పప్పుచారు అవుతుంది, ఆదివారం చికెన్ ముక్కలు లెక్క ప్రకారం. రాత్రికి కర్రీ పాయింట్. గదిలో కుక్కర్లో అన్నం పడేసి, పప్పు, ఒక వేపుడు, పెరుగు ప్యాకెట్లు తెచ్చుకుంటే ముగ్గురికి సరిపోతుంది. ఆ ప్యాకెట్‌కి కట్టిన దారం చేత్తో విప్పగలిగినవాణ్ని నేను చూడలేదు, అందరం పళ్లతోనే కొరికాం. క్రాస్‌రోడ్స్‌లోని బావర్చి హోటల్ బిర్యానీ మాకు పండగ తిండి. ఉద్యోగం వచ్చినవాడు గదిలో అందరికీ తినిపించాలన్నది రూలు. పదేళ్లలో ఆ రూలు కింద నేను ఆరుసార్లు తిన్నాను, ఒక్కసారీ తినిపించలేదు.

ఐదు రూపాయల భోజనం గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. జీహెచ్‌ఎంసీ అన్నపూర్ణ క్యాంటీన్లు 2014లోనే మొదలయ్యాయి, కానీ నేను చాలాకాలం అటు వెళ్లలేదు. అదో రకం బింకం. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి, హాస్టళ్లు ఖాళీ చేయమన్నప్పుడు సగం మంది ఊళ్లకి వెళ్లే పాసుల కోసం పోలీస్ స్టేషన్ల ముందు నిలబడ్డారు. నాకు దొరకలేదు. అశోక్‌నగర్‌లో ఒక్క బండి లేదు, ఒక్క మెస్ లేదు. ఆ రోజుల్లో ఆ భోజనం ఉచితంగానే పెట్టారు. అన్నం, సాంబారు, కూర, పచ్చడి. లైన్లో ముందున్నాయన నా బ్యాగు చూసి "చదువుకునే పిల్లగానివా" అని తన ముందుకి జరగమన్నాడు. ఆ పూట నుంచి బింకం పోయింది. రుచి గురించి రాసే స్థితిలో నేనప్పుడు లేను.

ఇక అసలు సంగతి. 2022 అక్టోబర్ 15, శనివారం. మర్నాడు గ్రూప్-1 ప్రిలిమ్స్. తెలంగాణ వచ్చాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్, 503 పోస్టులు. ఎనిమిదేళ్లుగా దానికోసమే ఉన్నాను. సాయంత్రం అదే మలుపులో అన్న బామ్మర్ది దోశలు పోస్తాడు. కడుపు నిండా తిని తొందరగా పడుకుందామని వెళ్లాను. రెండు దోశలు, మూడు గరిటెల చట్నీ. చట్నీ కొంచెం పుల్లగా తగిలింది. చింతపండు ఎక్కువైందనుకున్నాను. రుచిగానే ఉంది కూడా.

రాత్రి ఒంటిగంటకి మొదలైంది. మా ఫ్లోర్‌లో పన్నెండు మందికి రెండు బాత్రూములు. ఆ రాత్రి వాటిలో ఒకటి నాదే. రెండున్నరకి నా రూమ్మేట్ లేచి, ఏ గదిలో అడిగాడో, ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ తెచ్చాడు. లీటరు నీళ్లలో కలిపి, గ్లాసు గ్లాసు నాతో తాగించాడు. వాడికీ తెల్లారితే అదే పరీక్ష. "నువ్వు పడుకోరా" అంటే, "ఎలాగూ నిద్ర పట్టట్లేదులే" అని పాలిటీ నోట్సు తెరిచి నాకు వినపడేలా చదివాడు.

నా సెంటర్ ఘట్‌కేసర్ వైపు. పదీ పావుకి గేటు మూసేస్తారు. అక్కడిదాకా ఎలా వెళ్లానో ఆటో డ్రైవర్‌కి తెలియాలి. నూట యాభై ప్రశ్నలు, రెండున్నర గంటలు. మొదటి గంట బాగానే గడిచింది. ఆ తర్వాత ఆర్టికల్ నంబరు గుర్తు చేసుకోవాల్సిన చోట నా ధ్యాసంతా బొడ్డు దగ్గర ఉంది. బయటికి పంపమని అడుగుదామని రెండుసార్లు చెయ్యి ఎత్తబోయి, ఇన్విజిలేటర్ ముఖం చూసి దించేశాను. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి చివరి ముప్పై ప్రశ్నలకి కళ్లు మూసుకుని బబుల్ చేసి బయటపడ్డాను.

రెండు వారాలు ఆ మలుపు వైపు వెళ్లలేదు. లైబ్రరీకి చుట్టూ తిరిగి వెళ్లాను. అన్నని తిట్టాలని మనసులో చాలా రాసుకున్నాను. మూడో వారం వెళితే నేను నోరు తెరవకముందే అక్క అడిగింది, "ఏడ పోయినవ్ తమ్మీ, పరీక్ష మంచిగ రాసినవా?" అని. చెప్పాను. అన్న గరిటె పక్కన పెట్టాడు. బామ్మర్దికి ఫోన్ చేసి నా ముందే ఏదో అడిగాడు. ఆరోజు పల్లీలు తక్కువపడితే పొద్దున చట్నీలోనే కొబ్బరి కలిపారట, మిగిలినది సాయంత్రం వాడేశారట.

"ఒట్టి పల్లీ అయితే గంత జల్ది ఖరాబ్ గాదు. కొబ్బరి కలిస్తే ఆగది," అన్నాడు. తప్పైందని అనలేదు. ఆ రోజు డబ్బులు తీసుకోలేదు.

జనవరిలో మెయిన్స్‌కి ఎంపికైనవాళ్ల జాబితా వచ్చింది. రూమ్మేట్ ఉన్నాడు, నేను లేను. చట్నీ వల్లే పోయిందని ఇంట్లో, గదిలో, నాలో నేను అందరికీ చెప్పుకున్నాను. మార్చిలో పేపర్ లీకైందని పరీక్షనే రద్దు చేశారు. మర్నాడు పొద్దున ఇద్దరం బండి దగ్గర నిలబడ్డాం. నాకు లోపల సంతోషంగా ఉంది, దాచుకోవడానికి ఇడ్లీ మీద చూపు పెట్టాను. వాడు ప్లేటు ముట్టలేదు. అన్న అడక్కుండానే వాడి ప్లేట్లో రెండో గరిటె పోశాడు. మొదటిది అలాగే ఉంది.

జూన్‌లో మళ్లీ రాశాం. ముందు రోజు అరటిపళ్లు తప్ప ఏమీ తినలేదు. కడుపు బ్రహ్మాండంగా ఉంది. పేపర్ మాత్రం 2022 కంటే ఘోరంగా రాశాను. దాన్నీ సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది గానీ, చట్నీ మీద వేసిన నింద మాత్రం ఆ జూన్‌లోనే కాస్త బలహీనపడింది.

కాబట్టి పైన పొగిడినదాన్ని కొంచెం సవరించుకోవాలి. చట్నీ నిలబడుతుందని రాశాను కదా, అది ఎనిమిదిన్నర లోపు మాట. తొమ్మిది దాటాక బకెట్లో నీళ్లు పడతాయి. నేను కళ్లారా చూశాను, అక్క చెంబుతో పోస్తుంది. పల్లీల ధర పెరిగినప్పుడు చట్నీలో వాటి బదులు పుట్నాలు ఎక్కువవుతాయి, అప్పుడు చట్నీ చిక్కగానే ఉంటుంది కానీ నోట్లో పిండిలా తగులుతుంది. ఇందిరా పార్క్ నుంచి వీఎస్‌టీ దాకా స్టీల్ బ్రిడ్జి కడుతున్నన్నాళ్లు ఆ చుట్టుపక్కల రోడ్ల మీద ఏం తిన్నా దుమ్ము కలిపి తిన్నాం. 2023 ఆగస్టులో తెరిచాక నయం. వేడి ఇడ్లీ కింద ఆ ప్లాస్టిక్ కవర్ సంగతి అప్పట్లో నేను ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తున్నాను. సాయంత్రం దోశ మాత్రం ఆ తర్వాత తినలేదు, మిమ్మల్నీ తినమనను.

ఇప్పుడు ఎల్బీనగర్‌లో ఉంటున్నాను. ప్రైవేటు ఉద్యోగం, పెళ్లయింది. నెలకో ఆదివారం మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో మారి, చిక్కడపల్లిలో దిగుతాను. ఒకసారి మా ఆవిడని తీసుకెళ్లాను. రెండు ఇడ్లీలు తిని, "వెల్లుల్లి ఎక్కువైంది, దీనికోసమా ఇంతదూరం?" అంది. అందులో నిజం ఉంది. నేను ఆ చట్నీని ఇరవై నాలుగేళ్ల ఆకలితో తిన్నాను, తను ఇంట్లో కాఫీ తాగి వచ్చి తింది. చిన్నపిల్లలున్నవాళ్లు, కడుపు కొంచెం నాజూకు అయినవాళ్లు వేరే చోటు చూసుకోండి. హాస్టల్లో ఉండి మూడు పూటలూ బయట తినేవాళ్లయితే, పొద్దున పెందలాడే వెళ్లండి, పల్లీదేనా అని అడిగి మరీ పోయించుకోండి.

మొన్న వెళ్లేసరికి ఆలస్యమైంది. మెట్రో దిగి నడిచేసరికి తొమ్మిదిన్నర. సగం ఇడ్లీలయ్యాక అలవాటుగా ప్లేటు ముందుకి చాపాను. అన్న బకెట్లోకి చూసి, గరిటె ఎత్తలేదు.

"ఇగ ఇది వద్దు తమ్మీ," అని కారప్పొడి డబ్బా నా వైపు జరిపాడు.