కాలం మీద ఆరు ఆదివారాలు: నేను చేరిన ఆన్‌లైన్ క్లాసు

ఐన్‌స్టీన్ సాపేక్షత సిద్ధాంతం తెలుగులో చెబుతున్నారని మా అబ్బాయి అంటే చేరాను. ఆరు ఆదివారాలు, పూటకు గంటన్నర, ఫీజు తొమ్మిది వందలు. చెప్పేది రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్ గారు. చేరాలా వద్దా అని ఆలోచించేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

నేనెందుకు చేరానో ముందు చెప్పాలి. రైల్వే కంట్రోల్ ఆఫీసులో ఇరవై రెండేళ్లు, బండ్ల రాకపోకలు నడిపించే సెక్షన్ కంట్రోలర్‌గా చేశాను. నా పక్క బోర్డు మీద కూర్చున్న మిత్రుడు పోయిన ఏడాది గుండెపోటుతో పోయాడు. ఛాతీ బరువుగా ఉందంటూనే డాక్టరు దగ్గరికి వెళ్లడం రెండు నెలలు వాయిదా వేశాడు. పదకొండో రోజుకు వచ్చినవాళ్లంతా ‘రాసిపెట్టి ఉంది, ఎవరేం చేస్తారు’ అన్నారు. ఐన్‌స్టీన్ కూడా కాలం భ్రమ అన్నాడు కదా అని ఒకాయన కలిపాడు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. నిజంగా అలా అన్నాడా, అంటే దాని అర్థం ఇదేనా అని తేల్చుకోవాలనిపించింది.

మొదటి రెండు క్లాసులు 1905 నాటి సంగతులు. ఐన్‌స్టీన్ ఉద్యోగం చేసిన బెర్న్ పేటెంట్ ఆఫీసు, కాంతి వేగం అందరికీ ఒకటే కావడం. బాగానే చెప్పారు. మూడో క్లాసు మాత్రం నేను మరిచిపోలేను. జ్యూరిక్‌లో ఐన్‌స్టీన్‌కు లెక్కలు చెప్పిన మింకోవ్‌స్కీ 1908లో స్థలాన్నీ కాలాన్నీ కలిపి ఎలా చూపించాడో తెర మీద బొమ్మ వేశారు. చూడగానే అది మా కంట్రోల్ చార్టే అనిపించింది! మేము అడ్డంగా టైము, నిలువుగా స్టేషన్లు వేసుకుని ఒక్కో బండికీ ఒక్కో ఏటవాలు గీత గీస్తాం. బండి ఆగితే గీత అడ్డంగా సాగుతుంది, వేగం పెరిగితే నిటారుగా లేస్తుంది. మింకోవ్‌స్కీ బొమ్మలో టైము పైకి వెళ్తుంది, అంతే తేడా.

మా చార్టు మీద ‘ఇప్పుడు’ అంటే ఒక నిలువు గీత. సెక్షన్ మొత్తానికీ ఒకటే. సాపేక్షత ఒప్పుకోనిది సరిగ్గా దాన్నే. కదిలేవాడి ‘ఇప్పుడు’ గీత వాలిపోతుంది, అంటే దూరాన ‘ఇప్పుడు’ ఏం జరుగుతోందన్నది అతనికి వేరుగా ఉంటుంది. గంటకు 130 కిలోమీటర్ల బండిలో కూర్చున్నా 350 కిలోమీటర్ల దూరానికి వచ్చే తేడా సెకనులో వంద కోట్లో వంతు కూడా ఉండదు. అందుకే మాకెప్పుడూ పట్టలేదు. ఆండ్రోమెడా గెలాక్సీ దాకా, అంటే 25 లక్షల కాంతి సంవత్సరాలు వెళ్తే మాత్రం, రోడ్డు మీద ఎదురెదురుగా నడిచే ఇద్దరి ‘ఇప్పుడు’ల మధ్య అక్కడ ఎనిమిది రోజులకు పైగా తేడా వస్తుంది. రోజర్ పెన్‌రోజ్ అనే భౌతిక శాస్త్రవేత్త ఇచ్చిన ఉదాహరణ ఇది. ఆ లెక్క నేనే వేసి చూసుకున్నాను, సరిపోయింది.

ఐదో క్లాసు దగ్గర నాకు పేచీ వచ్చింది. ఒకే సంఘటన ఒకరికి జరిగిపోయింది, ఇంకొకరికి జరగాల్సి ఉంది కాబట్టి భవిష్యత్తు ముందే ఖాయం అని మాస్టారు చెప్పి ముగించేశారు. 1967లో హిలరీ పట్నం అనే తత్వవేత్త ఈ దారిలోనే వాదించాడట. కానీ మరుసటి ఏడాదే హోవార్డ్ స్టైన్ అనే మరో తత్వవేత్త దాన్ని కాదన్నాడు. ఆ సంగతి నేను అడిగితేగానీ బయటికి రాలేదు. రెండు వైపులా ఆయనే చెప్పాల్సింది. ఆరో ఆదివారం మాత్రం గంట సేపు దీనికే ఇచ్చారు, అందుకు ఆయన మీద గౌరవం పెరిగింది. ఆండ్రోమెడాలో ‘ఇప్పుడు’ జరిగేది మన దగ్గరికి చేరడానికి 25 లక్షల ఏళ్లు కావాలి. ముందువెనకలు తారుమారయ్యే రెండు సంఘటనల్లో ఒకటి ఇంకోదానికి కారణం కావడం కుదరదు. కారణం ముందు, ఫలితం వెనక అన్నది ఎవరి చార్టులోనూ మారదు. పైగా రేడియం పరమాణువు ఎప్పుడు విచ్ఛిన్నమవుతుందో క్వాంటం సిద్ధాంతం కూడా ఖాయంగా చెప్పలేదు, సంభావ్యతగానే చెప్పగలదు.

గతం, భవిష్యత్తు కలిపి చార్టంతా ఒకేసారి పరిచి ఉందనే అనుకుందాం. అయినా గూడ్సును లూప్‌లో, అంటే పక్క పట్టాల మీద, ఆపి పెట్టింది చార్టు కాదు, నేను. ఆ గీత అక్కడ అడ్డంగా సాగింది నా ఆర్డరు వల్లే. అలాగే నా మిత్రుణ్ణి చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి లాక్కెళ్లకపోవడం కూడా నేను చేసిందే. ఇది ఒప్పుకోవడం కష్టంగానే ఉంది, అయినా ‘రాసిపెట్టి ఉంది’ అనే మాట కంటే ఇది నిజమని నాకు అనిపిస్తోంది.

భ్రమ అన్న మాట ఎక్కడిదో కూడా మాస్టారు చెప్పారు. పేటెంట్ ఆఫీసులో కలిసి పనిచేసిన మిషెల్ బెస్సో 1955 మార్చి 15న చనిపోతే, ఐన్‌స్టీన్ ఆ కుటుంబానికి రాసిన ఉత్తరంలోది. 1905 నాటి వ్యాసం చివర ఆయన కృతజ్ఞతలు చెప్పుకున్నది ఆ బెస్సోకే. ఉత్తరం రాసిన నెల తిరక్కుండానే, ఏప్రిల్ 18న తానూ పోయాడు. అది స్నేహితుణ్ణి పోగొట్టుకున్నవాడు ఆ ఇంటివాళ్లను ఓదార్చడానికి రాసిన మాట. అది విన్నాక కాసేపు కెమెరా ఆపేసుకున్నాను.

లోపాలున్నాయి. స్లైడ్లన్నీ ఇంగ్లీషులోనే. రికార్డింగు వారం తర్వాత తీసేస్తారు, ఊరెళ్లినవాళ్లకు ఇబ్బంది. రెండో క్లాసులో అరగంట సేపు మాట సరిగా వినపడలేదు. పదో తరగతి లెక్కలు గుర్తుంటే చాలు, అవీ మరిచిపోతే నాలుగో క్లాసులో టెన్షన్ పడతారు. ప్రశ్నలకు ఇచ్చిన టైముకు, వాటికి చిరాకు పడకుండా జవాబు చెప్పినందుకు మాత్రం తొమ్మిది వందలు తక్కువే.

గురుత్వాకర్షణ మీద రెండో విడత ఉంటుందన్నారు. చేరుతున్నాను. గ్రాఫ్ కాగితాల పుస్తకం ఒకటి ముందే కొని పెట్టుకున్నాను.