చెన్నైలో షెడ్డుకు పీఈబీ మేలా, లోకల్ ఫ్యాబ్రికేటర్ మేలా?

బెంగళూరు పీణ్యలో షెడ్డు కట్టించుకున్న మా బావ తన కొటేషన్ నాకు పంపి, "నీ అంబత్తూరు షెడ్డుకూ ఇదే రేటు అడుగు, అడుక్కి రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకు" అన్నాడు. నా మేలు కోరే చెప్పాడు. కానీ ఆ రేటు ఇక్కడ పనికిరాదు. భవనాల మీద పడే భారాలకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 875 ప్రకారం డిజైన్‌కు తీసుకునే మూల గాలి వేగం బెంగళూరుకు సెకనుకు 33 మీటర్లు, చెన్నైకి 50. వేగం ఒకటిన్నర రెట్లే అయినా, ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి గాలి తోపు దాదాపు 2.3 రెట్లవుతుంది. 2016 డిసెంబరులో వర్దా తుఫాను చూసినవాళ్లకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. రేకుల షెడ్డు తేలిక. పెద్ద గాలికి పైకి లేస్తుంది. పునాది దాన్ని మోస్తే చాలదు, కిందికి పట్టి ఉంచాలి కూడా. అందుకే ఇక్కడ ఉక్కూ ఎక్కువే, కాంక్రీటూ ఎక్కువే.

ఇక పని ఎవరికి ఇవ్వాలి, పీఈబీ కంపెనీకా, లోకల్ ఫ్యాబ్రికేటర్‌కా?

పీఈబీ అంటే ప్రీ-ఇంజనీర్డ్ బిల్డింగ్, ఫ్రేములన్నీ ఫ్యాక్టరీలో తయారుచేసి, సైట్‌లో బోల్టులతో బిగించేది. బలం ఎక్కువ కావలసిన చోట ఐ సెక్షన్ (I ఆకారపు ఉక్కు దూలం) లోతుగా, తక్కువ చాలిన చోట సన్నగా ఉంటుంది. ప్లేట్లు సాధారణంగా 345 గ్రేడువి; గ్రేడు అంకె పెద్దదైతే ఉక్కు బలం ఎక్కువ. మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) సెక్షన్లు 250 గ్రేడు, పైగా ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే సైజు. కాబట్టి వెడల్పు పెరిగేకొద్దీ పీఈబీకి ఉక్కు బాగా ఆదా అవుతుంది. చిన్న షెడ్డుకు మాత్రం ఆ ఆదాను డిజైన్ ఖర్చు, లారీ బాడుగ, క్రేన్ బాడుగ తినేస్తాయి. నా అంచనాలో 12 మీటర్లలోపు వెడల్పుకు, స్ట్రక్చరల్ ఇంజనీర్ డ్రాయింగ్ చేతిలో ఉంటే, పైపు ట్రస్సులు (పైపులను త్రికోణాలుగా అతికిన కప్పు ఫ్రేములు) వేసే లోకల్ ఫ్యాబ్రికేటరే మేలు. 20 మీటర్లు దాటితే పీఈబీయే. మధ్యలో ఉన్నవాళ్లు ఇద్దరి దగ్గరా కొటేషన్ తీసుకోవాలి.

ఈ రెండింటి తేడా కన్నా ఖర్చును ఎక్కువ మార్చేది మధ్య పిల్లర్. 30 మీటర్ల వెడల్పును పిల్లర్ లేకుండా దాటించడం, మధ్యలో ఒక వరుస పిల్లర్లు పెట్టి 15, 15గా విడగొట్టడం ఒకటి కాదు. దూలం మీద పడే వంపు భారం కూడా దూరం వర్గాన్ని బట్టే పెరుగుతుంది. లోపల లారీ తిరగాలంటే సరే, తిరగనక్కర్లేకపోతే పిల్లర్ పెట్టించండి. దయచేసి, చూడ్డానికి బాగుంటుందని డబ్బు పోయకండి.

పీఈబీతో ఒక చిక్కుంది. చెప్పిన లోడుకు సరిగ్గా సరిపోయేలా చేస్తారు. ఐదేళ్ల తర్వాత 5 టన్నుల క్రేన్ పెడతానన్నా, లోపల మెజనైన్ (మధ్య అంతస్తు) వేస్తానన్నా ఫ్రేము ఒప్పుకోదు. ఆ ఆలోచన ఉంటే మొదటి రోజే చెప్పాలి. లోకల్ పనిలో తలనొప్పి తుప్పు. సైట్‌లో వెల్డింగ్ చేసిన అతుకులకు ప్రైమర్ సరిగ్గా పడదు, చెన్నై ఉప్పుగాలి ముందు అక్కడే పట్టుకుంటుంది.

కొటేషన్లు పోల్చేటప్పుడు అడుగు రేటు పక్కన పెట్టండి. మొత్తం ఉక్కు ఎన్ని టన్నులు, ఏ గ్రేడు, ఏ గాలి వేగానికి డిజైన్ చేశారు అన్నవి రాసి ఇమ్మనండి. రేకు 0.5 మి.మీ. అంటే పూతతో కలిపా, ఉత్తి ఉక్కు మందమా? పునాది, పిల్లర్లను పునాదికి బిగించే యాంకర్ బోల్టులు, వాననీటి గొట్టాలు, 18 శాతం జీఎస్టీ కలిశాయా? పళ్లికరణై చిత్తడి ప్రాంతం వైపు మెత్తని నేలల్లో పునాదే వేరే లెక్క. అక్కడ మట్టి పరీక్ష చేయించకుండా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వొద్దు.

నేనైతే 24 మీటర్ల వెడల్పు పీఈబీయే తీసుకుంటున్నాను, మధ్య పిల్లర్లతో. కొటేషన్‌లో గాలి వేగం దగ్గర 33 ఉంటే 50కి మార్పించాకే నేను సంతకం పెడతానని బావకూ చెప్పాను.